క్లాడా పల్లెను బాగుచేసిన విధము

రెండు చేతులు ఒక హృదయమును పట్టియుండగా దానిపై నొక కిరీటముండు ఉంగరమును చదువరులలో కొందరు బొమ్మలందైనను చూచియుందురు. అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశములలో స్థిరపడిన ఐరిష్ సంతతివారు ప్రేమకును స్నేహమునకును గుర్తుగా దానిని వ్రేల ధరింతురు. దాని పేరు క్లాడా ఉంగరము. గాల్వే పట్టణపు యువకు డొకడు ఉత్తరాఫ్రికా ఓడదొంగలకు చిక్కి బానిసయై, అచ్చట కంసాలిపని నేర్చి, తిరిగివచ్చి దానిని చేసెనని యొక కథ గలదు. ఆ కథ నిజమో కాదో మాకు పనిలేదు. క్లాడా యనునది ఒక జాలరిపల్లె పేరు. ఐరిష్ భాషలో దానిని 'అన్ క్లదఖ్' అందురు; రాళ్లతో నిండిన సముద్రతీరమని యర్థము. ఉంగరము నేటికిని దుకాణములలో విరివిగా నమ్ముడుపోవుచున్నది. పల్లె మాత్రము లేదు. 1930 తరువాతి యేండ్లలో దాని పూరిండ్లన్నియు నేలమట్టము చేయబడినవి.

దానిని కూల్చినవారు పరదేశపు సైనికులు కారు, దొంగలును కారు. చదువుకొన్నవారు, దేశాభిమానులు, ప్రజారోగ్యమును కోరినవారు. ఒక్కమాటలో చెప్పవలెనన్న మనవంటివారు. అందుచేతనే ఆ పల్లె కథ మన పత్రికలో చెప్పదగినదని మాకు తోచినది. పరులు చేసిన అన్యాయములను గూర్చి వ్రాయుటకు కలము సులభముగా సాగును. మనవంటివారు మంచి యుద్దేశముతో చేసిన పనిని గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడే అది తడబడును.

ఐర్లాండు పడమటి తీరమున కారిబ్ నది సముద్రమున గలియుచోట గాల్వే పట్టణమున్నది. పదమూడవ శతాబ్దిలో నార్మన్లు దానిని నిర్మించి కోటగోడలు కట్టిరి. గోడల లోపల పదునాలుగు వర్తక కుటుంబములు స్పెయిను, ఫ్రాన్సు దేశములతో వ్యాపారము చేయుచు ఇంగ్లీషు ఆచారములతో పట్టణమును పాలించుచుండెను. గోడల వెలుపల, నదికి ఆవలి యొడ్డున, ఐరిష్ భాష మాటలాడు జాలరులు కాపురముండిరి. అదియే క్లాడా. పట్టణమునకును పల్లెకును నడుమ నున్నది ఒక నది మాత్రమే. కాని పలు శతాబ్దములు ఆ నదిని దాటినవి చేపల గంపలే గాని, పట్టణపు భాష గాదు, పట్టణపు అధికారమును అంతగా గాదు.

1820లో గాల్వే చరిత్రను ప్రకటించిన జేమ్స్ హార్డిమన్ ఆ పల్లెవారి ఆచారములను కొంత విపులముగా వర్ణించినాడు. వారు జూన్ నెలలో సెయింట్ జాన్ పండుగనాడు తమలోనుండి ఒకనిని పెద్దగా ఎన్నుకొనుచుండిరి. బయటివారు అతనిని క్లాడా రాజని పిలుచుచుండిరి. ఆ రాజునకు సింహాసనము లేదు, కప్పము లేదు. అతడును తక్కినవారివలె వల విసరి బ్రదుకువాడే. అతని పడవకు మాత్రము తెల్లని తెరచాప యుండెను. ఇతరుల తెరచాపలు గోధుమవన్నెవి. సముద్రముపై దూరమునుండి చూచినను రాజెచ్చటనున్నదియు తెలియుచుండెను. వేట ఎప్పుడు మొదలు పెట్టవలెను, ఏ దినములలో సముద్రమునకు పోరాదు, తగవు వచ్చినచో ఎవరిది తప్పు అను విషయములు పల్లెలోనే తేలుచుండెను. న్యాయస్థానము గడప త్రొక్కుట వారికి అవమానము.

వారి పడవలను ఇంగ్లీషువారు హుకర్లని పిలుతురు. వాని పరిమాణమును బట్టి ఐరిష్ భాషలో నాలుగు పేర్లున్నవి: బాడ్‌మోర్, లెహ్‌వాడ్, గ్లోచోగ్, పూకాన్. ముందుభాగము ఉబ్బుగాను, నడుము లోపలికి వంగియు, రాతితీరపు అలలకు తట్టుకొనునట్లు అవి నిర్మింపబడెను. వేట ముగిసి పడవ తీరమున కానగనే పురుషుని పని ముగియును. అటుపై చేపలు స్త్రీలవి. వారే గంపలకెత్తి నది దాటి, స్పెయిను తోరణమని పేరుగల పాతగోడ యొద్ద బజారులో బేరమాడి అమ్ముచుండిరి. ధనము వారిచేతనే యుండెను; ఇంటికేమి కావలెనో, మగనికెంత ఈయవలెనో వారే నిర్ణయించుచుండిరి. స్త్రీల ఆస్తిహక్కును గూర్చి మనము సభలలో వాదించుచుందుము గదా! ఆ పూరిండ్లలో దానిని గూర్చి వాదించినవారు లేరు. అది వారికి దినచర్యలో భాగము.

ఇట్లని మేము క్లాడాను స్వర్గముగా చిత్రింపము. అట్లు చిత్రించువారు చాలమంది యున్నారు, వారిమీదనే మాకు కోపమెక్కువ. ఇండ్లు తడిగా నుండెను. నేలమీద పరచినది మట్టియే. మురుగు పోవుటకు కాలువలు లేవు. పొరుగు గ్రామములవారు తమ అఖాతమున వేటకు వచ్చినచో క్లాడావారు వారి వలలు కోసి, కొట్టి తరిమిన సందర్భములు గలవు. సముద్రము తమదే యన్నంత పట్టుదల వారిది. కాని ఆ పట్టుదలలోని విషయమొకటి విచారింపదగినది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ట్రాలు వలలు వేయు పెద్ద పడవలు గాల్వే అఖాతమునకు వచ్చెను. ట్రాలు వల సముద్రపు అడుగును ఊడ్చుకొనిపోవును. గ్రుడ్లను పిల్లలను గూడ విడువదని క్లాడావారు మొరపెట్టిరి, కొన్నిసార్లు దెబ్బలాటకును దిగిరి. చదువుకొన్న లోకము నవ్వెను. 1863లో బ్రిటిషు ప్రభుత్వము సముద్రపు వేటలను గూర్చి యొక విచారణసంఘమును నియమించెను. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడైన హక్స్‌లీ అందొక సభ్యుడు. జాలరుల ఫిర్యాదులకు ఆధారము లేదనియు, వేటపై నున్న నిర్బంధములను తీసివేయవలెననియు ఆ సంఘము 1866లో తీర్పుచెప్పెను. సముద్రపు గొప్ప వేటలకు తరుగులేదని హక్స్‌లీయే 1883లో బహిరంగసభలో చెప్పెను. అటుపిమ్మట నూరేండ్లలో అట్లాంటిక్ సముద్రమున చేపల గతి యేమైనదో లోకమెరుగును. ఈనాడు యూరపు దేశములు ఎన్నేసి టన్నులు పట్టవచ్చునో ఏటేట తూచి నిర్ణయించుకొనుచున్నవి. చదువురాని జాలరి చెప్పినది ముమ్మాటికి నిజమని మేమనము. అందులో విననర్హమైన సంగతి యుండెననియు, విన్నవారు లేరనియు మాత్రము చెప్పుచున్నాము.

ఇంతలో కరవు వచ్చెను. 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలి, 1852 వరకు ఐర్లాండు దేశమున పదిలక్షలమంది చచ్చిరి. అంతకన్న నెక్కువమంది ఓడలెక్కి పోయిరి. సముద్రము ఎదుట నుండగా జాలరులేల ఆకలితో మాడిరని కొందరడుగుదురు. ఈ ప్రశ్న అడుగువారు ఎన్నడును వలకు వెల గట్టినవారు కారు. ఆ పడవలు చిన్నవి. చలికాలపు అట్లాంటిక్ సముద్రమున దూరము పోజాలవు. పట్టిన చేపను కొనుటకు బజారులో నెవనికిని డబ్బులేదు. బిడ్డలకు పిండి తెచ్చుటకై క్లాడావారు మొదట కుదువబెట్టినవి తమ వలలును పడవ సామగ్రియునే. వల కుదువలో నుండగా సముద్రము ఎదుటనున్ననేమి, యోజనము దూరముననున్ననేమి? క్వేకరు మతస్థులైన కొందరు దాతలు ఈ సంగతి గ్రహించి, అప్పులిచ్చి ఆ సామగ్రిని విడిపించి మరల సముద్రమునకు పంపిరి. ఆ కాలపు దానములన్నింటిలో తెలివిగల దానము ఇదియని మా యభిప్రాయము. గంజి పోసినవారు ఒక పూట బ్రతికించిరి. వల విడిపించినవారు ఆ మనుష్యుని మరల జాలరిని చేసిరి.

భాష మాటకు వత్తము. 1831లో ఐర్లాండున ప్రభుత్వపు బడులు ఏర్పడెను. వానిలో చదువంతయు ఇంగ్లీషున, దేశభాషకు చోటులేదు. పడమటి జిల్లాలలో పిల్లవాని మెడకు ఒక కర్రముక్క కట్టి, వాడు ఐరిష్ మాట పలికిన ప్రతిసారియు దానిపై నొక గంటు పెట్టి, సాయంకాలము గంటులెన్నియో లెక్కించి అన్ని దెబ్బలు కొట్టుచుండిరి. ఈ సంగతి విని మన భాషాభిమానులు పండ్లు కొరుకుదురు. కాని ఇంటివద్ద ఆ గంటులు పెట్టినవారు తరచుగా తల్లిదండ్రులే. వారు భాషాద్రోహులా? కారు. కరవు చూచినవారు. బిడ్డ బ్రతుకవలెనన్న బోస్టనుకో లివర్‌పూలుకో పోవలెను, పోవలెనన్న ఇంగ్లీషు రావలెనని తెలిసినవారు. 1851లో తొలిసారి భాష నడిగి జనాభా లెక్క తీయగా ఐరిష్ వచ్చినవారు 15 లక్షల పైచిలుకు తేలిరి, అనగా దేశమున నాలుగవవంతు కన్న కొంచెము తక్కువ. ఆ తగ్గుదలకు కారణము బెత్తమొక్కటియే యనువాడు ఆకలి నెరుగనివాడు. తన భాషలో బ్రతుకుతెరువు లేనివాడు ఆ భాషను బిడ్డకిచ్చుటకు వెనుదీయును. ఇది సిగ్గుపడదగిన విషయమే. కాని సిగ్గుపడవలసినవాడు ఆ తండ్రి గాడు.

1893లో డబ్లిన్ నగరమున గేలిక్ సంఘము స్థాపింపబడెను. 1922లో స్వతంత్ర రాజ్యము వచ్చెను. ఐరిష్ భాష జాతీయభాషయై, బడులలో నిర్బంధపాఠమాయెను. విద్యావంతులు సెలవులలో పడమటి తీరమునకు పోయి, జాలరుల నోటినుండి పదములు విని వ్రాసికొని, ఆ పలుకుబడియే శుద్ధమైనదని మెచ్చుకొనసాగిరి. గాల్వే పట్టణము ఈ యుద్యమమునకు పడమటి ద్వారము. 1928లో అచ్చట ఐరిష్ భాషా నాటకశాల యొకటి 'అన్ తైవార్క్' అను పేర తెరువబడెను. 1929లో గాల్వే విశ్వవిద్యాకళాశాలలో ఐరిష్ భాషలో పని చేయజాలువారికే ఉద్యోగములలో మొదటి అవకాశమీయవలెనని శాసనము చేసిరి. మంచిదే. నాటకశాలయు కావలసినదే, శాసనమును కావలసినదే.

అయినను చదువరులు ఒక్క క్షణమాగి ఆ స్థలమును మనస్సున నూహింతురుగాక. నదికి ఈవలి యొడ్డున నాటకశాలలో పట్టణపు నటులు పల్లెవాని మాటను కంఠస్థము చేసి రంగముపై పలుకుచున్నారు. ప్రేక్షకులు కరతాళధ్వనులు చేయుచున్నారు. నడిచిపోవు దూరమున నది కావలి యొడ్డున, ఏ నటుడును నేర్పకుండ ఆ మాట పుట్టిన ముసలివారింకను గుమ్మములలో కూర్చుండి వలలు బాగుచేసికొనుచున్నారు. ఆ గుమ్మములనే కూల్చుటకు తీర్మానము సిద్ధమగుచున్నది. జాతీయభాషను శాసనములందు ప్రతిష్ఠించిన ప్రభుత్వపు దినములలోనే, ఆ భాష పట్టణపు గడపలో సహజముగా మిగిలియున్న చోటు పటమునుండి తుడిచివేయబడెను. 1934వ సంవత్సరమునకే అందులో చాలభాగము జరిగిపోయెను. వంకరసందుల పూరిండ్లకు బదులు పెంకుటిండ్లు వరుసలు తీర్చి కట్టిరి. 1937లో రాజ్యాంగమున ఐరిష్ మొదటి యధికారభాషగా వ్రాయబడునప్పటికి క్లాడాలో పాతపల్లె లేదు.

ఇచ్చట మాకు ప్రత్యుత్తరము సిద్ధముగ నున్నదని తెలియును. 'క్షయరోగము ప్రబలియుండెను. తడిగోడల నడుమ పిల్లలు చచ్చుచుండిరి. మీకు భాష కావలెనా, పిల్లల ప్రాణములు కావలెనా?' ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. క్షయ నిజము, చావులు నిజము. క్రొత్త ఇండ్లలోనికి సంతోషముగా పోయినవారును ఉండియుందురు. నీరు కారని కప్పు, పొడినేల ఎవరికి ఇష్టముండదు? పూరిల్లు అందముగా నుండునని వ్రాయువాడు వానకాలమున అందులో నొక వారము కాపురముండి చూడవలెను.

కాని ఆ ప్రశ్నలోనే మోసమున్నది. భాషయా ప్రాణమా యని రెండే దారులు చూపి, మూడవదారి లేనట్లు నటించుట సంస్కర్తల పాతయలవాటు. మురుగుకాలువ తీయుటకు పల్లె నడ్డముగా నున్నదా? ఇల్లొకటి ఇల్లొకటిగా బాగుచేయరాదా? ఎవరు ఎవరి ప్రక్కన నుండవలెనో, పడవ లెచ్చట కట్టవలెనో, వల లెచ్చట ఆరవేయవలెనో ఆ పల్లెవారినే కూర్చుండబెట్టి యడుగరాదా? వారికి తమలో తాము పెద్ద నెన్నుకొను అలవాటు శతాబ్దములుగా నుండెను గదా! ఇక క్షయ మాట: ఐర్లాండున అది నిజముగా వెనుకకు తగ్గినది 1948లో నోయెల్ బ్రౌన్ ఆరోగ్యమంత్రియై చికిత్సాలయములను విరివిగా తెరపించిన పిమ్మటను, క్రొత్త మందులు వచ్చిన పిమ్మటను. రోగమును తగ్గించినది గోడలను కూల్చుట యొక్కటియే కాదు.

ఇండ్లు కూల్చుటచేతనే భాష చచ్చెనా యని మరియొకరు అడుగవచ్చును. మేమంత మాట అనము. ఆవిరి ట్రాలర్లు వచ్చి చిన్నపడవల వేటను అప్పటికే దెబ్బతీసెను. పడుచువాండ్రు పరదేశములకు పోవుచుండిరి. పిల్లలు వీధులలో ఇంగ్లీషు ఆడుకొనుచుండిరి. పల్లె కూలకపోయినను భాష క్షీణించియే యుండును. అయితే క్షీణించుచున్నదానికి చేయవలసిన సేవ యేమి? క్వేకరులవలె వలను విడిపించుటయా, లేక మిగిలిన గుమ్మమును గూడ తీసివేయుటయా?

ఇచ్చటనే ఆ కాలపుదే మరియొక కథ చెప్పవలెను. అది లేకున్న మా వాదము సగమే. గాల్వేకు పడమట కన్నెమారా యను రాతినేల ప్రాంతమున్నది. సముద్రమును నాచును నమ్ముకొని ఐరిష్ మాటలాడు బీదజనము అచ్చట నివసింతురు. ఆ ప్రజలు 1930 తరువాత తామే ఒక యుద్యమము లేవదీసిరి. ఉపాధ్యాయుడును, తరువాత గొప్ప నవలాకర్తగా పేరొందినవాడును అగు మార్టీన్ ఓ కైన్ వారిలో ముఖ్యుడు. వారు సైకిళ్లెక్కి డబ్లిన్ వరకు పోయి, దేశాధినేతయగు డి వలేరా నెదుట నిలిచి, మాకు పొగడ్తలు వద్దు, పంట పండు భూమి కావలెనని యడిగిరి. 1935లో ప్రభుత్వము తూర్పున మీత్ జిల్లాలో రాత్‌కార్న్ అనుచోట 27 కుటుంబముల కొక్కొక్కటికి ఇల్లును, సుమారు 22 ఎకరముల భూమియు నిచ్చెను. పిమ్మట మరికొన్ని కుటుంబములు చేరెను. చుట్టును ఇంగ్లీషు మాటలాడు రైతులు; వారిలో కొందరు ఈ వచ్చినవారిని మంచికన్నుల చూడలేదు. సముద్రము పోయెను, రాళ్లు పోయెను, పుట్టినయూరు పోయెను. భాష పోవలసినదే గదా? పోలేదు. 1967లో పోరాడి రాత్‌కార్న్‌ను ఐరిష్ ప్రాంతముగా ప్రభుత్వముచే అంగీకరింపజేసిరి. ఈనాటికిని అచ్చట ఐరిష్ వినబడుచున్నది.

1937లో అదే జిల్లాలో బైల్ గిబ్ అనుచోట మరియొక వలస నెలకొల్పిరి. కాని అచ్చటికి వేర్వేరు జిల్లాలనుండి, వేర్వేరు యాసలవారిని తెచ్చి కలిపిరి. అచ్చట భాష రాత్‌కార్న్‌లో వలె నిలువలేదు. ఒకరి మాట ఒకరికి క్రొత్తగా తోచినప్పుడు ఇంగ్లీషే నడుమ వారధియైనది కాబోలు.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఊరు కదలక క్లాడాలో భాష పోయినది. దేశమునకు ఆ కొననుండి ఈ కొనకు కదలియు రాత్‌కార్న్‌లో భాష నిలిచినది. స్థలము కాదు, గోడలు కావు, పూరికప్పు కాదు భాషను మోయునవి. తాము కోరి, తామడిగి, తమవారితో కలసిపోయి, చేతిలో బ్రతుకుతెరువుతో నిలిచిన జనము మోసిరి. క్లాడావారికి ఇల్లు దొరికెను, తక్కినవేవియు దొరకలేదు.

మేమును దోషులమే. చాలకాలము క్రిందట మాయెరుకలో నొక పట్టణమున నీటియొడ్డునున్న పూరిండ్లపేటను తీసివేయవలెనని పౌరులొక విన్నపము వ్రాయగా మేమును అందు సంతకము చేసితిమి. ఆరోగ్యము కొరకని నిజముగనే నమ్మితిమి. ఆ పేటవారి నొక్కనినైనను మేమడుగలేదు. అడుగవలెనని తోచనుకూడ లేదు. వారిప్పుడు ఎచ్చటనున్నారో మాకు తెలియదు. క్లాడాను గూర్చి చదువునప్పుడెల్ల ఆ కాగితముపై మా చేవ్రాలు మాకు కనబడును.

మన తెలుగువారికి ఐర్లాండు క్రొత్తది కాదు. వరాహగిరి వేంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిన్ పోయి, అచ్చటి స్వాతంత్ర్యోద్యమపు వేడి సోకి, 1916లో తిరిగివచ్చిరి. ఐరిష్ సాహిత్యోద్యమమున పాల్గొన్న జేమ్స్ కజిన్స్ కవియు, స్త్రీల వోటుహక్కు కొరకు చెరసాల కేగిన ఆయన భార్య మార్గరెట్‌గారును 1915లో మనదేశమునకు వచ్చి, మదనపల్లె కళాశాలలో ఏండ్లకొలది పనిచేసిరి. ఐర్లాండునుండి మనము స్వరాజ్యమును నేర్చుకొంటిమి, భాషాభిమానమును నేర్చుకొంటిమి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట భాషాభిమానులే తమ పల్లెనేమి చేసిరో మాత్రము మనకు చెప్పినవారు లేకపోయిరి.

ఇది గడచిపోయిన కథ యని పుట త్రిప్పువారికొరకు నేటి లెక్క చెప్పుదుము. 2022 జనాభా లెక్కలో ఐర్లాండు రాజ్యమున 18,73,997 మంది తమకు ఐరిష్ వచ్చునని చెప్పిరి. విన్నవారికి ఒడలు పులకరించును. వారిలో బడి వెలుపల ప్రతిదినము ఆ భాషను వాడువారు 71,968 మంది. తీరమువెంబడి మిగిలిన ఐరిష్ ప్రాంతములను గేల్టఖ్త్ అందురు. అందలి జనము లక్షకు పైబడియున్నను, బడి వెలుపల దినదినము ఐరిష్ మాటలాడువారు 20,261 మంది. 2016లో 20,586 మంది యుండిరి. వచ్చునని చెప్పువారు పెరుగుచున్నారు, మాటలాడువారు తగ్గుచున్నారు! ఐరిష్ భాషకు 2007 నుండి ఐరోపా సమాఖ్యలో అధికారభాషాపదవి గలదు. 2022 నుండి అచ్చటి పత్రములన్నియు ఆ భాషలోనికి అనువదింపబడుచున్నవి. బ్రస్సెల్సు నగరమున ఐరిష్ తెలిసినవానికి మంచి జీతము దొరకును. కన్నెమారా రేవులో ఐరిష్ తెలిసిన జాలరికి ఏమి దొరకునో ఎవరైనను చెప్పుదురా?

కొంత మేము చెప్పుదుము. 2007 నుండి సముద్రమున కొట్టుకొనిపోవు వలలతో సాల్మన్ చేపను పట్టుట నిషేధింపబడెను. చేప తరిగిపోవుచున్నమాట నిజమే; నిషేధము అన్యాయమని మేమనము. జాలరులకు కొంత పరిహారమును ఇచ్చిరి. అయినను వినోదమునకై నదులలో గాలము వేయు పెద్దమనుష్యులకు, చేప చాలినన్ని యున్న నదులలో, అనుమతి మిగిలియున్నది. బ్రదుకుటకై సముద్రమున వల వేయువానిదే మొదట పోయినది. ఇక ఇండ్లు: తీరపు గ్రామములలో సముద్రము కనబడు ఇంటిని సెలవులకు వచ్చు పట్టణవాసి పెద్దవెలకు కొనును. ఏడాదిలో చాలనెలలు దానికి తాళమే. ఆ ఊరిలోనే పుట్టిన జంటకు అద్దెకైనను కొంప దొరకదు. వారు గాల్వేకో డబ్లిన్‌కో పోయెదరు, వారి పిల్లలు ఇంగ్లీషున పెరిగెదరు. అప్పుడు మరల భాషాభిమానులు సభచేసి దుఃఖింతురు. సభకు వచ్చినవారిలో తాళము వేసిన ఇంటి యజమానులెందరో లెక్కించినవారు లేరు.

ఆ ప్రాంతపు ప్రజలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదనుటకు నిదర్శనములు గలవు. 1969లో కన్నెమారా యువకులు పౌరహక్కుల ఉద్యమము లేవదీసిరి. తమ భాషలో రేడియో కావలెనని యడిగి యడిగి విసిగి, 1970 ఈస్టరు పండుగకు అనుమతి లేకుండ తామే యొక రేడియో నడిపిరి. ప్రభుత్వము 1972లో ఐరిష్ భాషా రేడియోను నెలకొల్పెను. ఆ రేడియోలో ఈనాటికిని మరణవార్తలు, చేపల సంగతులు, ఊరి తగవులు, పాటలు అన్నియు ఐరిష్‌లోనే వినవచ్చును. చట్టములును నాటకశాలయు చేయలేని పనిని కొంతవరకు అది చేసినది. అడిగినవారు ఆ భాషలో బ్రదుకువారే యగుటచేతనే అట్లు జరిగెనని మేమనుకొందుము.

క్లాడా ఉన్నచోట నిప్పుడు పచ్చిక గలదు. నీటిలో హంసలు తిరుగుచుండును. యాత్రికులు ఛాయాచిత్రములు తీసికొందురు. పాతహుకర్లను బాగుచేసి మరల నీటిలో దింపు ఔత్సాహికులు గత నలుబది, ఏబది యేండ్లుగా బయలుదేరినారు. వారి శ్రమను మేము మెచ్చుకొందుము. పడవ కట్టు విద్య వారివలననే బ్రతికినది. వేసవిలో గోధుమవన్నె తెరచాపలెత్తి పందెములు వేయుదురు. క్లాడా రాజను బిరుదు కూడ గౌరవార్థముగా సాగుచున్నదట. పందెము ముగిసిన పిమ్మట పడవలను రేవునకు కట్టి, ఎక్కినవారు దిగి, నగరములోని తమ యిండ్లకు పోవుదురు. ఆ పడవలనుండి గంపలకెత్తుటకు చేపలుండవు. ఎత్తుకొని నది దాటుటకు స్త్రీలును వేచియుండరు.